మనిషిని పట్టుకున్నాక మొదటి ఐదు నిమిషాలు

తెనాలి వీడియో చూసే ఉంటారు. 2025 మే నెలలో వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. నడిరోడ్డు మీద కుర్రాళ్ళని కూర్చోబెట్టి, కాళ్ళు కదలకుండా తొక్కిపట్టి, అరికాళ్ళ మీద పోలీసులు లాఠీతో కొట్టిన వీడియో. అంతకు ముందు ఒక కానిస్టేబుల్ మీద దాడి చేశారన్నది ఆ కుర్రాళ్ళ మీద కేసు. అప్పట్నుంచి గుంటూరులో ఎక్కడ పోలీసుల మాట వచ్చినా, టీ కొట్టు దగ్గరైనా, పెళ్ళి భోజనాల దగ్గరైనా, రెండే వాదనలు వినిపిస్తున్నాయి. "అట్టాంటోళ్ళకి అదే కరెక్టు" అనేవాళ్ళు ఒక పక్క, "కోర్టులెందుకు మరి" అనేవాళ్ళు ఒక పక్క.

కొట్టడం తప్పు. అందులో నాకు ఏ సందేహమూ లేదు. చేతికి చిక్కిన మనిషిని కొట్టడం శిక్ష అవుతుంది, శిక్ష వెయ్యడం పోలీసుల పని కాదు. కానీ ఇన్నాళ్ళ వాదనల్లో ఒక ప్రశ్న ఎవరూ అడగకపోవడం నన్ను కలవరపెడుతోంది. ఒక మనిషి నిజంగానే తిరగబడుతున్నాడు, తన్నుతున్నాడు, కరుస్తున్నాడు, చేతిలో ఏదో ఉంది. అక్కడున్నది ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు. వాళ్ళు ఆ మనిషిని ఎక్కడ పట్టుకోవాలి? కాళ్ళు ఎలా ఆపాలి? కింద పడేశాక ఏం చెయ్యాలి? ఇదంతా వాళ్ళకి ఎవరైనా నేర్పారా?

నేను ఫిజియోథెరపిస్టుని. కీళ్ళు, నరాలు, ఊపిరి నేను రోజూ చూసే విషయాలు. మా బాబాయి కొడుకు, నాకు తమ్ముడు, ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కానిస్టేబులు. ఈ రెండు వైపుల నుంచీ చూస్తూ చూస్తూ నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: తిరగబడే మనిషిని, అతనికీ తమకీ ప్రాణం మీదికి రాకుండా పట్టుకోవడం ఒక విద్య. దాన్ని మన పోలీసులకి ఎవరూ నేర్పడం లేదు. నేర్పనంతకాలం అటు కానిస్టేబుళ్ళూ దెబ్బలు తింటారు, ఇటు పట్టుబడ్డవాళ్ళూ చచ్చిపోతుంటారు.

మా వెనక వీధిలో

మా వెనక వీధిలో ఒకబ్బాయి ఉన్నాడు, ముప్పై దాటాయి, బాగా ఒళ్ళున్న మనిషి. మానసిక జబ్బు ఉంది. మందులు వేసుకున్నన్నాళ్ళూ మామూలుగానే ఉంటాడు, వాళ్ళమ్మకి కూరగాయలు తెచ్చిపెడతాడు, పిల్లలకి లెక్కలు కూడా చెప్తాడు. మందులు ఆపేస్తే నిద్ర పోడు, ఇంకో రెండు రోజులకి ఎవరో తనని చంపడానికి వస్తున్నారని అరుస్తాడు. పోయిన ఎండాకాలంలో ఒక సాయంత్రం అలాగే అరుస్తూ కత్తిపీట పట్టుకుని వీధిలోకి వచ్చేశాడు. ఎవరి మీదికీ వెళ్ళలేదు. కానీ చేతిలో ఉన్నది కత్తిపీట, చుట్టూ పిల్లలు. ఎవరో 112కి ఫోన్ చేశారు.

పోలీసులు వచ్చేలోపే వీధి కుర్రాళ్ళు నలుగురు వెనక నుంచి పట్టుకుని కత్తిపీట లాగేశారు. పెడరెక్కలు విరిచి నైలాన్ తాడుతో చేతులు కట్టేశారు, లుంగీతో కాళ్ళు కట్టేశారు, బోర్లా పడేశారు. ఒకతను నడుం మీద కూర్చున్నాడు. ఈ కట్టెయ్యడం అంతా చేసింది మనమే, పోలీసులు కాదు. దొంగ దొరికితే కరెంటు స్తంభానికి కట్టేసేదీ మనమే, జబ్బుపడ్డ మనిషిని మంచం కోడుకి కట్టేసేదీ మనమే. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు అంటుకుంటే మానసిక రోగులు 28 మంది కాలి చనిపోయారు, వాళ్ళని గొలుసులతో కట్టేసి ఉంచారు కాబట్టి పారిపోలేకపోయారు. అక్కడ ఉన్నది పోలీసులు కారు. మనుషుల్ని కట్టెయ్యడం మనకి ఇంట్లోనే అలవాటైన పని, యూనిఫాం వేసుకున్నవాళ్ళు కూడా ఆ ఇళ్ళలోంచే వచ్చారు.

పోలీసులొచ్చారు. ఒక కానిస్టేబులు, వయసు మళ్ళిన ఒక హోంగార్డు. నడిపించి తీసుకెళ్దామని కానిస్టేబులు ముందు కాళ్ళ కట్టు విప్పాడు. విప్పగానే ఆ అబ్బాయి తన్నాడు, కానిస్టేబుల్ మోకాలికి గట్టిగా తగిలింది. మళ్ళీ పట్టుకోబోతే ముంజేతి మీద కరిచాడు, రక్తం వచ్చింది. కానిస్టేబుల్ నొప్పితో, కోపంతో, భయంతో అతని వీపు మీద మోకాలు పెట్టి అదిమాడు. పక్కనున్నవాళ్ళు కాళ్ళ మీద కూర్చున్నారు. అబ్బాయి కాసేపు గింజుకున్నాడు, అరిచాడు, తర్వాత అరుపు తగ్గింది. వాళ్ళమ్మ "వాడికి ఆయాసం ఉందయ్యా, పక్కకి తిప్పండయ్యా" అని ఒకటే ఏడుపు. "ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళండి" అని ఎవరో కేక వేశారు. హోంగార్డు మాత్రం వంగి ఆ అబ్బాయి మొహం చూశాడు. చూసి, కానిస్టేబుల్ భుజం పట్టుకుని "లెగండి సార్, లెగండి" అని, అబ్బాయిని పక్కకి దొర్లించి, మళ్ళీ వెనక్కి పడకుండా తన మోకాళ్ళు అతని వీపుకి ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి ఊపిరి అందింది, మంచినీళ్ళు అడిగాడు.

నేను అప్పుడే వీధి చివరికి వచ్చాను, చివర్లో జరిగింది నా కళ్ళతో చూశాను. అంబులెన్స్ కోసం చూస్తూ నిలబడ్డప్పుడు ఆ హోంగార్డుని అడిగాను, పక్కకి తిప్పాలని మీకెవరు చెప్పారండీ అని. "ఎవురూ చెప్పలేదండీ. మా నాన్నకి ఉబ్బసం. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, రాత్రంతా కూర్చోబెట్టేవాణ్ణి. ఈ అబ్బాయి మొహం అట్టాగే అయింది" అన్నాడు.

ఈ మాట నన్ను వదలడం లేదు. ఆ అబ్బాయి బతికింది డిపార్ట్‌మెంట్ నేర్పిన పనితనం వల్ల కాదు, ఒక హోంగార్డు వాళ్ళ నాన్నకి ఉబ్బసం ఉండటం వల్ల. డ్యూటీలో ఆ రోజు ఇంకొకరు ఉండి ఉంటే?

కానిస్టేబుల్ సంగతి కూడా చెప్పాలి. ముంజేతికి కర్చీఫ్ చుట్టుకుని తనే బండి నడుపుకుంటూ పెద్దాసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకున్నాడట. మనిషి కరిస్తే హెపటైటిస్ లాంటివి కూడా అంటుకునే ప్రమాదం ఉంటుంది, పరీక్షలు చేయించుకోవాలి. మా వీధిలో తర్వాత చాలా రోజులు ఆ అబ్బాయి గురించి మాట్లాడుకున్నారు, వాళ్ళమ్మ గురించి మాట్లాడుకున్నారు, కానిస్టేబుల్ చెయ్యి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

ఊపిరి ఎలా ఆగుతుంది

ఊపిరి పీల్చాలంటే ఛాతీ విప్పారాలి, పొట్ట ముందుకి రావాలి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం కిందికి దిగాలి. మనిషిని బోర్లా పడేస్తే ఛాతీ నేలకి నొక్కుకుంటుంది, పొట్ట లోపలికి పోయి డయాఫ్రాన్ని పైకి తోస్తుంది. ఎంతమంది బోర్లా పడుకుని నిద్రపోవడం లేదు అంటారు. పోతారు, కానీ నిద్రలో ఉన్న ఒంటికి చాలా తక్కువ గాలి చాలు. పెనుగులాడిన మనిషి సంగతి వేరు. అప్పటికే కండరాలన్నీ అలిసిపోయి రక్తంలో ఆమ్లం పెరిగి ఉంటుంది, దాన్ని తగ్గించుకోవడానికి వేగంగా, లోతుగా ఊపిరి తియ్యాలి. సరిగ్గా అప్పుడే చేతులు వెనక్కి కట్టేసి ఉంటాయి కాబట్టి మోచేతుల మీద లేవలేడు, వీపు మీద ఒకరి బరువు ఉంటుంది. కాళ్ళు వెనక్కి మడిచి చేతులతో కలిపి కట్టేస్తే ఇంకా ఘోరం. లావుగా ఉన్నవాళ్ళకి, తాగి ఉన్నవాళ్ళకి, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదం మరీ ఎక్కువ.

ఇందులో అన్నిటికన్నా భయంకరమైన విషయం ఒకటుంది. గాలి కోసం మనిషి చేసే పెనుగులాట, పైనున్నవాళ్ళకి తిరగబడటంలాగే అనిపిస్తుంది. ఇంకా గట్టిగా అదుముతారు. వాడు ఇంకా గింజుకుంటాడు. చివరికి కదలడం మానేస్తే హమ్మయ్య లొంగాడు అనుకుంటారు, నిజానికి అందరూ కంగారుపడాల్సింది అప్పుడే. "మాట్లాడుతున్నాడు కదా, ఊపిరి ఆడుతున్నట్టేగా" అన్న మాట కూడా చాలాసార్లు విన్నాను. నాలుగు మాటలు పలకడానికి కొంచెం గాలి చాలు. బతకడానికి ఆ గాలి చాలదు.

దీని మీద వేరే వాదన కూడా ఉంది, దాన్ని దాటవెయ్యను. ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లని ప్రయోగశాలలో ఇలా కట్టి పడుకోబెడితే ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోలేదని అమెరికాలో కొందరు డాక్టర్లు పరిశోధన చేసి చెప్పారు, పోలీసుల తరఫు లాయర్లు కోర్టుల్లో అలాంటి పరిశోధనలు చూపిస్తుంటారు. కానీ ఆ వలంటీర్లకి ప్రాణభయం లేదు, రాత్రుళ్ళు నిద్ర లేకుండా లేరు, నలుగురితో పెనుగులాడి రాలేదు. మా వెనక వీధి అబ్బాయికి ఇవన్నీ ఉన్నాయి. పైగా జాగ్రత్త తీసుకోవడానికి ఏమన్నా ఖర్చవుతుందా అంటే, మనిషిని పక్కకి తిప్పడమే. 1995లోనే అమెరికా న్యాయశాఖ పరిశోధన విభాగం అక్కడి పోలీసులకి ఇదే చెప్పింది: చేతులకి బేడీలు పడిన వెంటనే మనిషిని పొట్ట మీద నుంచి తిప్పెయ్యండి అని.

నా దగ్గరికి వచ్చే కేసులు ఇంత పెద్దవి కాదు. బొటనవేలి మొదట్లో తిమ్మిరి, చెయ్యి వెనక భాగంలో మంట అని వస్తారు. వాచీ గట్టిగా పెట్టుకుంటారా అని అడుగుతాను. ఒకాయన కాసేపు తటపటాయించి, ఒక భూతగాదాలో తనని అరెస్టు చేసి కోర్టుకి తీసుకెళ్ళారని, బేడీ దారి పొడవునా బిగుసుకుపోయిందని చెప్పాడు. మణికట్టు దగ్గర చర్మం కిందే పోయే నరం ఒకటుంది, బేడీ బిగుసుకుంటే మొదట నలిగేది అదే. మంచి బేడీలకి డబుల్ లాక్ ఉంటుంది, వేశాక రెండో లాక్ కూడా నొక్కితే ఇక బిగుసుకోదు. వేలు దూరేంత సందు ఉందో లేదో చూసి నొక్కాలి, క్షణం పట్టే పని. మా తమ్ముణ్ణి అడిగితే "ఆ లాక్ ఉందని తెలుసన్నా, దాన్ని ఎందుకు వెయ్యాలో ఇప్పుడే తెలిసింది" అన్నాడు.

తొమ్మిది నెలల ట్రైనింగులో

తమ్ముడు కానిస్టేబుల్ ట్రైనింగు తొమ్మిది నెలలు చేశాడు. పొద్దున్నే పీటీ, పరేడ్, లాఠీ డ్రిల్, ఫైరింగ్, మధ్యాహ్నం చట్టం క్లాసులు. ఆయుధం లేకుండా పోరాడటం కూడా నేర్పారు. "దెబ్బ ఎట్టా కొట్టాలో, ఎట్టా కాచుకోవాలో చెప్పారన్నా. కింద పడేశాక ఏం చెయ్యాలో మాత్రం చెప్పలా" అన్నాడు. ఉద్యోగంలో చేరాక మళ్ళీ ఆ మాత్రం శిక్షణ కూడా లేదు. దసరాకి ఇంద్రకీలాద్రి మీద క్యూలైన్లు, సభలకి బందోబస్తు, మంత్రుల కాన్వాయ్‌లు, కోర్టు ఎస్కార్టులు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషిని ట్రైనింగుకి రమ్మంటే ఎవరికైనా కోపమే వస్తుంది, దాన్ని కాదనలేను.

ఎస్కార్టు డ్యూటీ గురించి తను చెప్పేది వింటే నాకే టెన్షన్ వస్తుంది. రిమాండ్ ఖైదీని ఆర్టీసీ బస్సులో కోర్టుకి తీసుకెళ్ళాలి. బేడీ కనపడకుండా పైన తువ్వాలు కప్పుతారు. ఖైదీకి బాత్రూం వస్తే ఏం చెయ్యాలి, మూర్ఛ వస్తే ఏం చెయ్యాలి, పక్క సీట్లో ఖైదీ మనిషి వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలి, ఇవన్నీ పాతవాళ్ళని చూసి నేర్చుకోవాల్సిందే. ఒకరోజు ఉన్నదున్నట్టు చెప్పాడు: "ఖైదీ పారిపోతే నన్ను సస్పెండ్ చేస్తారన్నా. ఖైదీ చేతికి తిమ్మిరెక్కితే నన్నెవరూ అడగరు. నేను బేడీ గట్టిగా వేస్తానా, లూజుగా వేస్తానా?" దీనికి జవాబు తెలిసిందే. కానిస్టేబుల్ మనసులో దయ ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఏ తప్పుకి ఎంత శిక్ష అన్నదాన్ని బట్టే చెయ్యి బిగుస్తుంది.

పోలీసుల భయం కూడా ఉత్తుత్తి భయం కాదు. బెజవాడలో బ్లేడ్ బ్యాచ్ అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు. నోట్లో బ్లేడు ముక్క దాచుకునేవాళ్ళని, గంజాయి మత్తులో నొప్పి తెలియనివాళ్ళని పట్టుకోవాల్సింది నెల జీతానికి పనిచేసే మామూలు మనుషులే. 2025 అక్టోబరులో నిజామాబాద్‌లో సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) కానిస్టేబుల్ ఒకరు నిందితుణ్ణి బైక్ మీద స్టేషన్‌కి తీసుకెళ్తుంటే ఆ నిందితుడు కత్తితో పొడిచి చంపేశాడు. ఆ వార్త చదివిన రోజు తమ్ముడు నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. "బైక్ మీద ఎక్కించుకోవడం మాకూ మామూలేనన్నా" అన్నాడు. ఆ నిందితుడు కొద్ది రోజులకే ఆస్పత్రిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు, జనం టపాసులు కాల్చినంత సంబరంగా పోస్టులు పెట్టారు. కానిస్టేబుల్ ప్రాణం పోయినప్పుడు ఒక శాఖ వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. బండెక్కించే ముందు ఒళ్ళంతా ఎలా తడమాలి? కత్తి దాచిన మనిషిని బైక్ మీద వెనక కూర్చోబెట్టుకోవచ్చా? ఎంతమంది ఉండాలి, ఏ వాహనం ఉండాలి? కాల్పులతో ఈ ప్రశ్నలు తీరిపోయాయన్నట్టు అందరూ ఇళ్ళకి వెళ్ళిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. రేపు ఇంకో కానిస్టేబులు అలాగే ఇంకొకణ్ణి బైక్ ఎక్కించుకుంటాడు.

బేడీలు వెయ్యాలా వద్దా

చదువుకున్నవాళ్ళ మధ్య వాదన ఎప్పుడూ ఇక్కడికే వచ్చి ఆగిపోతుంది. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ బేడీలు వెయ్యడం మామూలు పద్ధతి కాకూడదన్నారు, వేస్తే కారణం రాయాలన్నారు. 1995లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి మేజిస్ట్రేటు అనుమతి కావాలంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 43వ సెక్షన్ హత్య, అత్యాచారం, వ్యవస్థీకృత నేరాలు, పాత నేరస్తులు, ఇలా కొన్ని రకాల కేసుల్లో బేడీలు వెయ్యొచ్చని రాసింది. అదే చట్టం 46వ సెక్షన్, పారిపోకుండా ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి కట్టడి చెయ్యకూడదని కూడా చెప్తుంది.

ఇవన్నీ ఎప్పుడు వెయ్యాలి, ఎవరికి వెయ్యాలి అన్నవి. వేశాక ఏం చెయ్యాలన్నది ఎందులోనూ లేదు. బేడీ వేస్తే పోలీసుకి భద్రత, వెయ్యకపోతే ఖైదీకి గౌరవం అని రెండు గీతలు గీసుకుని కూర్చున్నాం. 2015 ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకి తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యాన్‌లోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. బయటికొచ్చిన ఫొటోల్లో శవాల చేతులకి బేడీలున్నాయి. బేడీ ఉన్నంత మాత్రాన పోలీసుకి ధైర్యమూ రాలేదు, ఖైదీకి రక్షణా దొరకలేదు.

కాళ్ళ సంగతైతే ఎక్కడా లేదు. చేతులకి బేడీ అనే వస్తువైనా ఉంది. తన్నే కాళ్ళని ఆపడానికి పోలీసు బండిలో ఏముంటుంది? తువ్వాలు, తాడు, లేకపోతే ఇంకో మనిషి బరువు. 2020 మే నెలలో విశాఖలో డాక్టర్ సుధాకర్ గారిని చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి, చొక్కా లేకుండా రోడ్డు మీద పడేసిన దృశ్యం తెలుగువాళ్ళెవరూ మర్చిపోలేదు. లాఠీతో కొట్టిన కానిస్టేబుల్‌ని సస్పెండ్ చేశారు, హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. లాఠీ గురించి అందరూ మాట్లాడారు. ఆ తాడు గురించి, ఆయన్ని అలా ఎంతసేపు ఉంచారన్నదాని గురించి, అలా కట్టేసి ఉంచొచ్చా అన్నదాని గురించి ఎక్కువమంది మాట్లాడలేదు.

పట్టీలు ఇస్తే సరిపోతుందా

బ్రిటన్ పోలీసుల దగ్గర కాళ్ళకి వేసే పట్టీలుంటాయి. వెడల్పాటి వెల్‌క్రో పట్టీలు, మోకాళ్ళ పైన ఒకటి, చీలమండల దగ్గర ఒకటి. తాడులా కోసుకుపోవు, ఒక్క లాగుతో ఊడిపోతాయి. పోలీసులు ఏడాదికోసారి భద్రతా శిక్షణకి వెళ్ళాలి, వెళ్ళి పట్టుకోవడం, బేడీ వెయ్యడం, పట్టీ వెయ్యడం మళ్ళీ చేసి చూపించాలి. పెనుగులాట జరుగుతున్నప్పుడు ఒకరు తల దగ్గర ఉండి మొహం, ఊపిరి మాత్రమే చూస్తుండాలని నేర్పుతారు. 2017 నుంచి బలప్రయోగం చేసిన ప్రతిసారీ, బేడీ వేసినా సరే, ఒక ఫారం నింపాలి. ఆ లెక్కలు బయట పెడతారు. మన దగ్గర కస్టడీలో చనిపోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలపాలన్న నియమం 1993 నుంచీ ఉంది. అంటే చనిపోయాక లెక్క మొదలవుతుంది.

ఇదంతా చదివి మొదట్లో నాకు అనిపించింది, ఈ పట్టీలు తెప్పించి ప్రతి స్టేషన్‌కి రెండు జతలు ఇస్తే చాలు కదా అని. తర్వాత కెవిన్ క్లార్క్ గురించి చదివాను. 2018 మార్చిలో, లండన్‌లో. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు ఉన్న మనిషి. పోలీసులు చేతులకి బేడీలు, కాళ్ళకి పట్టీలు వేశారు. ఊపిరి ఆడటం లేదని, చచ్చిపోతున్నానని చెప్తూనే చనిపోయాడు. ఆ పట్టుకున్న తీరు అతని చావుకి ఒక కారణమని 2020లో విచారణ జ్యూరీ తేల్చింది. 2015లో స్కాట్లాండ్‌లో షేకూ బాయో అనే యువకుడికి కూడా బేడీలూ పట్టీలూ వేశారు, అతనూ చనిపోయాడు. అంతకు ముందు 2010లో ఓలసేని లూయిస్ అనే 23 ఏళ్ళ కుర్రాణ్ణి సాక్షాత్తూ మానసిక ఆస్పత్రిలోనే 11 మంది పోలీసులు అదిమిపట్టారు. అతని చావు తర్వాత తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి పోరాడితే మానసిక ఆస్పత్రుల్లో బలప్రయోగాన్ని అదుపు చేసే చట్టం 2018లో వచ్చింది. మంచి పరికరం, ఏటా శిక్షణ, ఫారాలు, అన్నీ ఉన్న చోట ఇది.

మన దగ్గర భయం ఇంకో రకం. కాళ్ళు కట్టే పట్టీ అంటూ ఒకటి స్టేషన్‌లో ఉంటే, అది రోడ్డు మీద తన్నేవాడి కోసం ఉండదు, లాకప్‌లో అరికాళ్ళ మీద కొట్టడానికి ఉపయోగపడుతుంది. ఇది నా అనుమానం కాదు, తమ్ముడే ఒప్పుకున్నాడు. అందుకే పట్టీలు ముందు, శిక్షణ తర్వాత అంటే నేను ఒప్పుకోను. ముందు శిక్షణ, దాంతో పాటు రాతకోతలు, ఆ తర్వాతే పట్టీలు, అవి కూడా బండిలో ఉండాలి, స్టేషన్‌లో కాదు. ఏ బండిలో పట్టీ ఎప్పుడు తీశారు, ఎవరికి వేశారు, ఎన్ని నిమిషాలు ఉంచారు, ఎప్పుడు విప్పారు అన్నది జనరల్ డైరీలో రాయాలి.

ఇలాంటి నియమాలు మన దేశంలో సాధ్యం కాదనేవాళ్ళకి ఒక విషయం చెప్పాలి, ఇవి ఆల్రెడీ రాసి ఉన్నాయి, కాకపోతే ఆస్పత్రులకి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. రోగిని కట్టాల్సి వస్తే, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారే లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపు మాత్రమే, రికార్డులో రాసి కట్టాలంది. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువగా ఉన్నారన్న సాకుతో కూడా కట్టకూడదు. ఈ చివరి వాక్యం చదివినప్పుడు, మన స్టేషన్లలో జరిగే కట్టివేతల్లో సగానికి ఇదే కారణం కదా అనిపించింది. అదే చట్టం 100వ సెక్షన్, మానసిక జబ్బుతో రోడ్డున పడ్డ మనిషిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలని, లాకప్‌లో పెట్టకూడదని చెప్తుంది. తమ్ముడికి ట్రైనింగులో ఈ సెక్షన్ ఒక మార్కు బిట్టుగా వచ్చిందట.

"పక్కకి తిప్పుదామా సార్"

అన్ని జాగ్రత్తలూ ఉన్న చోట కూడా మనుషులు ఎందుకు చనిపోతున్నారు అన్నదే నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న. దీనికి నాకు దొరికిన జవాబు అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉంది. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద డెరెక్ షావిన్ అనే పోలీసు 9 నిమిషాల 29 సెకన్లు మోకాలు పెట్టాడు, ఇది అందరికీ తెలుసు. ఆ రోజు కాళ్ళు పట్టుకున్న థామస్ లేన్ అనే కొత్త ఆఫీసర్, ఉద్యోగంలో చేరి కొద్ది రోజులే అయినవాడు, "పక్కకి తిప్పుదామా" అని రెండుసార్లు అడిగాడన్నది అంతమందికి తెలియదు. షావిన్ వద్దన్నాడు. షావిన్‌ది 19 ఏళ్ళ సర్వీసు, కొత్తవాళ్ళకి నేర్పే హోదా. లేన్ ఆగిపోయాడు. అతనికి శిక్షణ గుర్తుంది, సరైన సమయానికి నోటికి కూడా వచ్చింది. పై అధికారి కాదన్నాక మళ్ళీ ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. తర్వాత అతనికి కూడా జైలు శిక్ష పడింది.

అమెరికాలోనే అలా ఉంటే, మన డిపార్ట్‌మెంట్‌లో కానిస్టేబులు సీఐ గారితో "మోకాలు తియ్యండి సార్" అనగలడా? ఈ ప్రశ్న తమ్ముణ్ణి సూటిగానే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "నేను అనలేనన్నా. అన్నా వినరు. విన్నా మర్నాడు నాకు మెమో వస్తుంది" అన్నాడు. మా వీధిలో హోంగార్డు ఆ మాట అనగలిగాడంటే, అవతల ఉన్నది కానిస్టేబులే, వయసులో చిన్నవాడు. అదే అక్కడ ఎస్సై ఉండి ఉంటే ఆయన నోరు లేచేదా అన్నది నాకు అనుమానమే.

అందుకే నేను అడిగేది ఒక్క పద్ధతి. మనిషిని కింద పడేసినప్పుడు, అక్కడున్నవాళ్ళలో ర్యాంకు అందరికన్నా తక్కువ ఉన్నవాడికి, హోంగార్డు ఉంటే హోంగార్డుకే, తల దగ్గర కూర్చునే పని ఇవ్వాలి. అతను చెయ్యి వెయ్యడు, పట్టుకోడు. మొహం చూస్తాడు, ఊపిరి చూస్తాడు, పెదాల రంగు చూస్తాడు. "తిప్పండి" అంటే అక్కడ ఎస్పీ ఉన్నా సరే తిప్పాలి. దీన్ని డీజీపీ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా ఇవ్వాలి, డ్రిల్లులాగే ప్రాక్టీసు చేయించాలి. మన పోలీసులకి డ్రిల్లు అలవాటే, సావధాన్ అంటే ఎవరి ర్యాంకు ఎంత అని ఆలోచించకుండా నిలబడతారు. "తిప్పండి" అన్న మాట కూడా అలా కావాలి. మాట అన్నందుకు మెమో వస్తుందన్న భయం పోవాలంటే, అనకపోతే మెమో వచ్చేలా ఉండాలి.

ఇంతకన్నా ముఖ్యమైన పనులు లేవా, ఖాళీ పోస్టులు భర్తీ చెయ్యరా, వీక్లీ ఆఫ్ ఇవ్వరా అని తమ్ముడే అడుగుతాడు. అవి కావాలి, అలిసిపోయిన మనిషికి కోపం ముందు వస్తుంది, చెయ్యి ముందు లేస్తుంది. కానీ అవి వచ్చేదాకా దీన్ని ఆపక్కర్లేదు. రెండు పూటల క్లాసు, మంగళగిరి బెటాలియన్‌లోనో, జిల్లా పరేడ్ గ్రౌండ్‌లోనో, ఒక చాప, ఒక డాక్టరు, ఒక బేడీ ఉంటే మొదలుపెట్టొచ్చు. ప్రతి ఒక్కణ్ణీ అందులో ఒకసారి బోర్లా పడుకోబెట్టి, చేతులు వెనక్కి పెట్టించి, వీపు మీద చెయ్యి ఆనిస్తే, మిగతా పాఠం వాళ్ళ ఊపిరే చెప్తుంది. ఎవరన్నా పిలిస్తే ఆ క్లాసుకి నేను డబ్బు తీసుకోకుండా వస్తాను. గుంటూరు, బెజవాడల్లో నాకు తెలిసిన డాక్టర్లలో కొందరు కూడా వస్తామన్నారు.

ఈలోగా వీధుల్లో ఉండే మనం చెయ్యగలిగింది కొంత ఉంది. ఇంట్లో మానసిక జబ్బు ఉన్న మనిషి ఉంటే, గొడవ ముదరక ముందే 14416కి ఫోన్ చెయ్యొచ్చు, అది టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం. 112కి చెయ్యాల్సి వస్తే "పిచ్చోడు కత్తి పట్టుకున్నాడు" అని పెట్టెయ్యకుండా, మనిషికి ఏం జబ్బు ఉంది, ఏ మందులు వాడతాడు, ఆయాసం ఉందా, ఎవరి మాట వింటాడు అన్నవి చెప్పాలి, వచ్చిన పోలీసులకి మళ్ళీ చెప్పాలి, అంబులెన్స్ కూడా అప్పుడే అడగాలి. పట్టుకుని కట్టెయ్యాల్సి వస్తే చేతిలో ఉన్నది లాగేశాక మనిషి మీద కూర్చోకూడదు, పక్కకి తిప్పి, ఒకరు మొహం దగ్గరే ఉండాలి. మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగులో ఈ నాలుగు ముక్కలూ చెప్పాను, వాచ్‌మన్లిద్దరికీ చేసి కూడా చూపించాను. వెనక వీధి అబ్బాయి వాళ్ళమ్మ చెప్తే ఆ రోజు వినని కుర్రాళ్ళలో ఒకడు వచ్చి, ఏ పక్కకి తిప్పినా పర్లేదా అని అడిగాడు. పర్లేదు, ఏ పక్కకైనా.